అరుగు మీద పోస్టాఫీసు

ఊరంతా మెచ్చుకునే మనిషిని గురించి తెలుసుకోవాలంటే ఊరివాళ్ళని అడిగితే చాలదు, ఆయన ఇంటావిడని కూడా అడగాలి. ఊరు చెప్పేది సగం కథే. మిగతా సగం వంటింట్లోనో, నూతి దగ్గరో, పెరటి వసారాలోనో ఉంటుంది. సన్మానపత్రాలు రాసేవాళ్ళు అంతదూరం రారు. వీధరుగు మీదే కూచుని, కాఫీ తాగి, నాలుగు విశేషణాలు రాసుకుని వెళ్ళిపోతారు. ఆ కాఫీ ఎవరు కలిపారో కూడా వాళ్ళకి పట్టదు.

మా తాతయ్య సంగతి ఎత్తితే చాలు, ఇప్పటికీ ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు "మహానుభావుడమ్మా! ఊరికోసం పుట్టిన మనిషి" అంటారు. అబద్ధం కాదు. అయితే ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మా అమ్మమ్మ, మజ్జిగ చిలుకుతూనో చాటలో బియ్యం చెరుగుతూనో, "ఆయన ఊరికోసం పుట్టారు, సరే. మరి నాకోసం ఎవరు పుట్టినట్టో!" అనేది. తాతయ్య వినీ విననట్టు పొడుంకాయ తీసి, ఓ పట్టు పట్టి, ఊరి పనేదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు.

వాళ్ళ ఊరు దివిసీమలో. బెజవాడలో బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళి, పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డలో దిగేవాళ్ళం. అక్కణ్ణుంచి ఎడ్లబండి. కృష్ణమ్మ సముద్రంలో కలవబోయే ముందు రెండు పాయలుగా చీలి, మధ్యలో ఇంత నేలని ఒళ్ళో పెట్టుకుంటుంది. అదే దివిసీమ. బండి కదులుతున్న కొద్దీ వరిచేల వాసన పోయి ఉప్పుగాలి తగిలేది. ఆ గాలి తగిలిందంటే అమ్మమ్మ చేతి ముద్దపప్పు దగ్గరపడిందన్నమాటే.

తాతయ్యకి మూడెకరాల మాగాణీ, దాంతోపాటు ఓ బ్రాంచి పోస్టాఫీసూ ఉండేవి. బ్రాంచి పోస్టాఫీసు అంటే మీలో పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి తెలిసే ఉంటుంది. సర్కారువారు దానికి వేరే బిల్డింగు కట్టించరు. ఊళ్ళో నాలుగక్షరాలొచ్చి, సొంతానికి ఇన్ని తిండిగింజలున్న మనిషిని చూసి, ఆయన ఇంట్లోనే ఓ మూల పోస్టాఫీసు పెట్టిస్తారు. ఇచ్చేదాన్ని జీతం అనరు, ఎలవెన్సు అంటారు. అది ఎంతో తెలిస్తే, జీతం అనకపోవడమే మర్యాద అని మీరూ ఒప్పుకుంటారు.

వీధరుగుని ఆనుకుని ఉన్న చిన్నగదే ఆ పోస్టాఫీసు. ఓ బల్ల, ఇనప్పెట్టె, ఉత్తరాలు తూచే త్రాసు, లక్క, కొవ్వొత్తి, తేదీ ముద్ర. గోడకి ఎర్రడబ్బా. పదకొండింటికి అవనిగడ్డ నుంచి రన్నరు సంచీ తెచ్చేవాడు. ఆ వేళకి అరుగు మీద పదిమంది చేరేవాళ్ళు. మా ఊరే కాదు, సముద్రం వైపున్న రెండు మూడు పల్లెలకి కూడా అదే పోస్టాఫీసు. బస్తీల్లో కూలికి పోయినవాళ్ళు, బొంబాయి రేవులో పనిచేసేవాళ్ళు, మిలిటరీలో చేరినవాళ్ళు పంపే కార్డులూ మనియార్డర్లూ అన్నీ తాతయ్య చేతిమీదుగా పోవలసిందే.

వచ్చిన ఉత్తరం చదివిపెట్టడం, జవాబు రాసిపెట్టడం కూడా ఆయన పనే. రూల్సులో ఆ పని లేదు. "కార్డు అమ్మడం వరకే నా ఉద్యోగం. అది రాయడం చేతకాని వాడికి కార్డెందుకు, విసురుకోడానికా?" అనేవాడు. ఎవరికి రాసినా 'ఉభయకుశలోపరి' అని మొదలెట్టి, 'ఇంతే సంగతులు, చిత్తగించవలెను' అని ముగించేవాడు. ఆ రెంటికీ మధ్య ఊరి ఏడుపులూ నవ్వులూ అన్నీ పట్టేవి. శుభవార్త అయితే కార్డు నాలుగు మూలలా పసుపు రాయడానికి గిన్నె లోపల్నుంచి వచ్చేది. ఆ గిన్నె పట్టుకొచ్చేది ఎవరో చెప్పక్కర్లేదు కదా!

తాతయ్యకి ఊరి పిచ్చి కుర్రతనంలోనే పట్టుకుందిట. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం జోరుగా సాగే రోజుల్లో పెరిగిన మనిషి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడటం, అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికోసం ఊరూరా తిరగడం, అవన్నీ ఆయన పెద్దలనోట విన్నాడు. 1935లో గుంటూరు జిల్లాలో కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరికీ తిప్పుతున్నారని తెలిసి, ఇంట్లో చెప్పకుండా చూడబోయాడట. తిరిగొచ్చి, "పడవ మనవల్ల కాదు, బీరువా పెడదాం" అన్నాడట. ఆ బీరువా నాకు బాగా తెలుసు. పోస్టాఫీసు గదిలో ఎడంపక్కన ఉండేది. అంతకుముందు అది అమ్మమ్మ పుట్టింటివాళ్ళు సారె పెట్టిన బట్టల బీరువా. పట్టుచీరలు ట్రంకుపెట్టెలోకి దిగితే పుస్తకాలు బీరువా ఎక్కాయన్నమాట.

ఎండాకాలం వస్తే వీధిలో పందిరి వేసి చలివేంద్రం పెట్టేవాడు. పందిరి తాతయ్యది, పేరు తాతయ్యది, మజ్జిగ అమ్మమ్మది. పొద్దున్నే చల్ల చిలికి, కరివేపాకు నలిపి, ఉప్పేసి, రెండు బానలు నింపి పెట్టేది. "బాబాయిగారి మజ్జిగ అమృతం" అంటూ తాగిపోయేవాళ్ళు దారినపోయేవాళ్ళు. "బాబాయిగారికి చల్లకవ్వం ఏ చేత్తో పట్టాలో తెలుసేమో అడగండి" అని లోపల్నుంచి వినబడేది.

1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. తాతయ్యకి పండగే. బడిపిల్లల్ని కూర్చోబెట్టి ఆరంకెలూ ఎక్కంలాగా చెప్పించాడు. గోడమీద సున్నంతో రాయించాడు. "ఇన్నాళ్ళూ అంకెలు లేకుండా ఉత్తరాలు రాలేదా? ఏం చోద్యమండీ!" అంది అమ్మమ్మ. కానీ వారం తిరక్కుండా ఆ ఆరంకెలూ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కంఠతా వచ్చేశాయి. వాళ్ళకి నేర్పింది తాతయ్య కాదు. ఎవరు నేర్పారో, ఎక్కడ నేర్పారో చెప్పాలంటే మిమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళాలి.

నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో పోస్టాఫీసులు రెండు. వీధరుగు మీదది సర్కారుది. పెరట్లో నూతిపక్కన తిన్నె మీదది అమ్మమ్మది. ఎందుకంటారా? అరుగుమీద కూచుని, పదిమంది వింటుండగా, పరాయి మగాడికి ఆడది తన మొగుడికి రాయాల్సిన ఉత్తరం చెప్పగలదా? అత్తగారు ముందు కూచుని "ఇక్కడందరం క్షేమం, డబ్బు త్వరగా పంపు" అని చెబుతూంటే కోడలు స్తంభం వెనకాల నిలబడి కాలిబొటనవేలు చూసుకునేది. ఆ సాయంత్రమో మర్నాడో, "పిన్నిగారూ, కాస్త చల్ల పోస్తారా" అంటూ చిన్న ముంత పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చేది. చల్ల వంక, అసలు సంగతి ఉత్తరం. తిన్నెమీద కూచుని అంతా చెప్పుకునేది. రాత్రి భోజనాలయ్యాక అమ్మమ్మ ఆ మాటలు తాతయ్యకి అప్పజెపితే ఆయన లాంతరు దగ్గర పెట్టుకుని రాసేవాడు. కార్డు పనికిరాదు, మడిచి అంటించే ఇన్లాండు కవరు కావాలి. దాని ఖరీదు అమ్మమ్మ పాల డబ్బుల్లోంచి.

ఓసారి సముద్రం వైపు పల్లె నుంచి ఒక పిల్ల వచ్చింది. పెళ్ళయి ఏడాది కాలేదు, మొగుడు బొంబాయిలో. ఏం రాయాలే అంటే, "వేపచెట్టు కింద అన్నమాట నిజమైందని రాయించండి పిన్నిగారూ, చాలు" అని పరుగెత్తింది. ఆ రాత్రి తాతయ్య కలం ఆపి, "ఏ వేపచెట్టు? ఏమిటా మాట?" అన్నాడు. "రాయమన్నది రాయండి. అర్థం తెలియాల్సింది మీకు కాదు" అంది అమ్మమ్మ. నిజానికి ఆవిడకీ తెలీదు. పదిహేను రోజుల్లో ఆ కుర్రాడు బొంబాయి నుంచి దిగాడు, చేతిలో గాజులపెట్టెతో. ఆ పిల్ల నెలతప్పిందని మూడోరోజుకి ఊళ్ళో తెలిసింది. అప్పుడు తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఓహో, వేపచెట్టు!" అన్నాడు.

ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు. ధర్మరాజు శాపం పెట్టాడట. మా అమ్మమ్మ దగ్గర ఆ శాపం పారలేదు. ముప్పై ఏళ్ళపాటు రెండు మూడు ఊళ్ళ ఆడవాళ్ళ కష్టసుఖాలు ఆవిడ కడుపులో ఉన్నాయి. ఒక్కటి పైకి రాలేదు. మాకు వేపచెట్టు కథ తెలిసిందంటే, అదీ ఆ పిల్లే నవ్వుతూ అందరికీ చెప్పుకోబట్టి.

అలాగని తపాలా నీతి విషయంలో ఆవిడ మరీ అంత నిష్ఠగా ఉండేదని అనుకోకండి. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరుగారికి వారపత్రిక వచ్చేది. చుట్టచుట్టి, నడుముకి కాగితం పట్టీ అంటించి ఉండేది. మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తుంటే అమ్మమ్మ ఆ పట్టీ చినక్కుండా పత్రికని నెమ్మదిగా బయటికి లాగి, సీరియలు చదివేసి, మళ్ళీ చుట్టి దూర్చేది. ఓనాడు తాతయ్య చూడనే చూశాడు. "ఇది నేరమే! ఒకరి టపా ఇంకొకరు విప్పకూడదు!" అని గుడ్లురిమాడు. "ఉత్తరమైతే నేరం. అచ్చేసి లోకమంతా అమ్మేదాంట్లో రహస్యమేముందండీ?" అంది ఆవిడ, పేజీలోంచి తలెత్తకుండా. తాతయ్యకి జవాబు దొరకలేదు. ఆ వారం కథలో నాయికకి పెళ్ళయిందో లేదో మాత్రం రాత్రి అన్నం తింటూ అడిగాడట.

ఇంత సరదాగా ఉన్న సంసారంలో ఓ ముల్లుండేది. నాకు పెద్దయ్యాకగానీ తెలియలేదు.

అమ్మమ్మ తల్లి పోయినప్పుడు టెలిగ్రాము వచ్చింది. 2013 జూలైలో ఆ టెలిగ్రాములు మనదేశంలో ఆగిపోయాయిగానీ, అప్పట్లో అది వచ్చిందంటే ఇల్లు గడగడలాడేది. 'తల్లి పోయింది, బయల్దేరు.' అంతే. తాతయ్య పోస్టాఫీసు వదిలి కదలడానికి లేదు. బదులు మనిషిని చూసి, లెక్కలప్పజెప్పి, పైవాళ్ళ అనుమతి తెచ్చుకోవాలి. అమ్మమ్మ చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని, రన్నరుని తోడు తీసుకుని, అవనిగడ్డ దాకా నడిచి బస్సెక్కింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తాతయ్య పదోరోజుకి వచ్చాడు.

"ఊళ్ళో ఎవరు పోయినా ముందుండి పాడె పడతారు. మా అమ్మ పాడె పట్టలేదు" అంది అమ్మమ్మ, ఒక్కసారే, మా అమ్మతో. ఇంకో మాట కూడా అందట. "ఆ నాలుగు ముక్కల కాగితం చూస్తే కడుపు తరుక్కుపోయింది. అమ్మ ఏం తిందో, ఎవర్ని తలుచుకుందో, నన్ను అడిగిందో లేదో, ఏమీ లేదు అందులో." తాతయ్య ఆ తర్వాత తన తప్పు కప్పిపుచ్చుకోలేదు, సమర్థించుకోలేదు. ఆవిడ మన్నించినట్టు చెప్పలేదు, మళ్ళీ ఎత్తిపొడవలేదు. కొన్ని సంగతులు సంసారాల్లో అలాగే ఉండిపోతాయి, దూలంలో దిగిన మేకులాగా. దాన్ని పీకితే దూలం చీలుతుంది, అందుకని ఆ మేకుకే లాంతరు తగిలించుకుంటారు.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను వస్తుందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. ఏటా వచ్చేదే కదా అనుకున్నారు జనం. మధ్యాహ్నం నుంచి గాలి మారింది. తాతయ్య పోస్టాఫీసు రిజిస్టర్లూ, స్టాంపులూ, తేదీ ముద్రా ట్రంకుపెట్టెలో పెట్టి, నిచ్చెన వేసుకుని అటకెక్కించాడు. అదే సమయానికి అమ్మమ్మ ఇంట్లో ఉన్న గంగాళాలూ బిందెలూ కాగులూ అన్నీ నూతినీళ్ళతో నింపి మూతలు పెట్టింది. అగ్గిపెట్టెలు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది.

ఆ సాయంత్రం సముద్రం లేచి వచ్చింది. అయిదారు మీటర్ల ఎత్తున ఉప్పెన. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు ఆ మర్నాటి నుంచి పత్రికల్లో చదివి దేశమంతా ఏడ్చింది. సర్కారు లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. మా ఊరికి నీళ్ళు నడుములోతు వచ్చి ఆగాయి. తాతయ్యగారిది పెంకుటిల్లు, పెంకులు సగం ఎగిరిపోయినా గోడలు నిలిచాయి. ఆ రాత్రి నలభైమంది ఆ ఇంట్లో తలదాచుకున్నారు. తెల్లవారేసరికి ఊళ్ళో నూతులన్నీ ఉప్పు. తాగడానికి చుక్క నీళ్ళు లేవు, అమ్మమ్మ గంగాళాల్లో తప్ప. చెంబుకి కొలిచి, పిల్లలకి ముందు, తల్లులకి తర్వాత, మగవాళ్ళకి చివర పోసింది. మూడోరోజున సాయం అందేదాకా ఆ నీళ్ళే.

సముద్రం వైపు పల్లెలు లేవు. పడిపోవడం కాదు, లేవు.

తరువాత చాలామంది వచ్చారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలెపట్టి ఊరూరా విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చి చూశారు. మండలి వెంకటకృష్ణారావుగారు అక్కడి బాధితుల కోసం పాటుపడిన తీరు దివిసీమలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. రామకృష్ణ మిషను వాళ్ళు ఇళ్ళు కట్టించారు. అవన్నీ పత్రికల్లోకి ఎక్కాయి, ఎక్కవలసినవే. పత్రికల్లోకి ఎక్కని ఓ సంగతి నేను నా కళ్ళతో చూశాను.

1978 సంక్రాంతికి అమ్మతో కలిసి ఆ ఊరు వెళ్ళాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ ఏడు వీధుల్లో ముగ్గులు లేవు. పోస్టాఫీసు గదిలో బల్లమీద ఉత్తరాల దొంతర. అన్నీ ఆ లేని పల్లెలకి వచ్చినవి. ఉప్పెన సంగతి పేపర్లలో చూసి బొంబాయి నుంచీ, హైదరాబాదు నుంచీ, మిలిటరీ నుంచీ కొడుకులూ మొగుళ్ళూ రాసినవి. మనియార్డర్లు కూడా. రూల్సు ప్రకారం చెయ్యవలసింది సులువే. కవరు మీద 'విలాసదారు చనిపోయినారు' అని రాసి, ముద్ర కొట్టి, పంపినవాళ్ళకి తిప్పి పంపాలి. తాతయ్య కలం పట్టుకుని మొదటి కవరు మీద రాయబోతున్నాడు.

"అంతేనా?" అంది గుమ్మంలోంచి అమ్మమ్మ.

"అంతే మరి. రూలది."

"మా అమ్మ పోయినప్పుడూ అంతే రాశారు."

తాతయ్య కలం కింద పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సొరుగులోంచి తెల్లకాగితాలు తీశాడు. "అయితే నువ్వు చెప్పు. నేను రాస్తాను" అన్నాడు. అమ్మమ్మ అరవై ఏళ్ళ వయసులో మొదటిసారి ఆ గదిలో, ఆ బల్లకి ఎదురుగా కుర్చీలో కూచుంది.

ఆ సెలవులన్నాళ్ళూ రాత్రిళ్ళు అదే పని. ఒక్కో కవరూ తీసి తాతయ్య పేరు చదివేవాడు. అమ్మమ్మ కళ్ళు మూసుకుని ఆ మనిషిని తలుచుకునేది. వాళ్ళ ముఖం ఆయనకంటే ఆవిడకే బాగా తెలుసు. ఆడవాళ్ళు కదా, అందరూ పెరటిదారిన వచ్చినవాళ్ళే. "మీ అమ్మ ఆ ముందు మంగళవారం వచ్చింది. కాళ్ళనొప్పులు తగ్గాయంది. నీకు చలిదేశంలో రగ్గు ఇచ్చారో లేదో కనుక్కోమంది. అది రాయండి" అనేది. "ఇది మీ చెల్లెలు. కొత్త పరికిణీ కట్టుకుని చూపించడానికొచ్చింది. నువ్వు పంపిన డబ్బుతోనే కుట్టించారట. అది రాయండి."

వేపచెట్టు పిల్ల మొగుడి ఉత్తరం వచ్చినప్పుడు తాతయ్య పేరు చదవలేకపోయాడు. కవరు ఆవిడ చేతికిచ్చాడు. అమ్మమ్మకి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. చదివి, కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపయ్యాక అంది: "గురువారం వచ్చింది, పిల్లాణ్ణి చంకనేసుకుని. వాడు 'నాన్న బొంబాయి' అంటున్నాడని నవ్వింది. వాడిచేత నా ముందు రెండుసార్లు అనిపించింది. అది రాయండి. పోయారన్న మాట అందరూ రాస్తారు. ఇది మనం రాయకపోతే ఇంకెవరూ రాయలేరు."

అలా నలభై పైచిలుకు ఉత్తరాలు. రూల్సులో లేని ఉత్తరాలు. ప్రతి దాన్నీ తాతయ్య 'ఇంతే సంగతులు' దగ్గరికి తీసుకొచ్చేవాడు. మడవబోతుంటే, "ఆగండి, ఇంకో మాటుంది" అనేది అమ్మమ్మ. ఆయన విసుక్కోకుండా అంచుల్లో అడ్డంగా రాసేవాడు. స్టాంపుల ఖర్చు ఎవరిదని మా అమ్మ అడిగితే, "ఈసారి సగం సగం" అన్నాడు తాతయ్య. ఆ ఇంట్లో ఆయన నోట సగం సగం అన్నమాట నేను వినడం అదే మొదలు.

జవాబులు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. ఒక జవాను, 56 ఏ.పి.ఓ. అడ్రసు వాడు, తల్లి పోయిందని తెలిసిన మరునెల కూడా ఎప్పటిలాగే పాతిక రూపాయలు మనియార్డరు చేశాడు. ఈసారి విలాసం: 'పోస్టుమాస్టరుగారి ఇంట్లో అమ్మగారికి.' కింద జాగాలో రెండే ముక్కలు: 'పంపడానికి ఎవరూ లేరు. మీరు తీసుకోండి.' పేరు లేని మనియార్డరు చెల్లదని తాతయ్య అన్నాడు. అమ్మమ్మ తన పూర్తి పేరు ఓ కార్డుమీద రాయించి వాడికి పంపింది. అంతవరకు ఆ ఊరివాళ్ళకి ఆవిడ పేరే తెలియదు. పిన్నిగారు, అమ్మగారు, పోస్టుమాస్టరుగారి భార్య, అంతే.

తర్వాత నెలనించి ఆవిడ పేరున మనియార్డరు వచ్చేది. తాతయ్య పుస్తకం ముందు పెట్టి, "సంతకం చెయ్యండి అమ్మగారూ" అనేవాడు, ఎవరో పరాయి ఖాతాదారుతో అన్నట్టు. ఆవిడ మూతి బిగించి, వంకర్లు పోతున్న అక్షరాలతో సంతకం చేసి, నోట్లు లెక్కపెట్టుకుని, మళ్ళీ అదే బల్లమీద పెట్టేది. "పాసుబుక్కులో వెయ్యండి." నాలుగేళ్ళ తర్వాత ఆ జవాను సెలవుమీద పెళ్ళాన్ని తీసుకుని వచ్చాడు. కాళ్ళకి దణ్ణంపెట్టాడు. అమ్మమ్మ కోడలికి పసుపు కుంకుమా, రవికలగుడ్డా పెట్టి, పైసా ముట్టుకోని ఆ ఖాతాలోది అణాపైసలతో సహా తీయించి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "మీ అత్తగారు దాచింది" అంది.

అరవై అయిదేళ్ళు నిండాక తాతయ్య పోస్టాఫీసు అప్పగించేశాడు. ఎర్రడబ్బా ఇంకో ఇంటి గోడకి మారింది. అయినా అరుగు ఖాళీ కాలేదు, తిన్నె అంతకన్నా కాలేదు. పని దిగిన నెలలోనే ఆయన చేసిన మొట్టమొదటి పని, అమ్మమ్మని వాళ్ళ పుట్టింటి ఊరికి తీసుకెళ్ళడం. అక్కడ ఎవరూ మిగల్లేదు, మేనమామ మనవలు తప్ప. పదిహేను రోజులున్నారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు తెలీదు. తిరిగొచ్చాక అమ్మమ్మ, "మీ తాతయ్య మా అమ్మ పేరున అక్కడ బడికి ఓ బీరువా పుస్తకాలిచ్చారు" అని మాత్రం చెప్పింది. మెచ్చుకున్నట్టూ ఉంది, సణిగినట్టూ ఉంది.

తాతయ్య 1986లో పోయాడు. ఊరు ఊరంతా కదిలింది. పాడె పట్టడానికి పోటీపడ్డారు. పంచాయతీ ఆఫీసులో ఫోటో పెట్టారు. దండ వేసిన రోజున ఒక పెద్దాయన ఉపన్యసిస్తూ, ఉప్పెన తర్వాత తాతయ్య రాసిన ఉత్తరాల సంగతి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టించాడు. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అమ్మమ్మ ఊసు లేదు, అంతే. నేను గిర్రున తిరిగి ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఆడవాళ్ళలో కూచుని, వచ్చినవాళ్ళకి మజ్జిగ అందిందో లేదో చూస్తోంది.

"నీకు బాధనిపించలేదా అమ్మమ్మా?" అనడిగాను ఆ రాత్రి.

"ఎందుకు? ఆయన దస్తూరీ బాగుంటుంది. జనానికి కనిపించేది దస్తూరీయే కదే" అంది. కాసేపాగి, "మాట ఎవరిదో ఆయనకి తెలుసు. చాలు" అంది.

ఆవిడకి చాలేమో. నాకు చాలలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇళ్ళలోనూ ఊరు మెచ్చుకున్న తాతయ్య ఒకాయన ఉండే ఉంటాడు. ఆయన ఫోటోకి దండ వెయ్యండి, తప్పకుండా వెయ్యండి. వేసే ముందు ఒక్కసారి పెరట్లోకి వెళ్ళి నూతిపక్కన తిన్నెమీద ఎవరు కూచునేవాళ్ళో కనుక్కోండి. కనీసం ఆవిడ పేరేమిటో పిల్లలకి చెప్పండి.

ఇప్పుడు ఆ ఊళ్ళో పోస్టాఫీసు వేరే ఇంట్లో ఉంది. ఈమధ్య వెళ్ళి చూశాను. పోస్టుమాస్టరు ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. చేతిలో ఫోనులాంటి చిన్న మిషను పెట్టుకుని, ముసలమ్మల వేలిముద్రలు తీసుకుని డబ్బులిస్తోంది. ఉత్తరాలు రాయించుకునేవాళ్ళు ఇప్పుడెవరూ లేరట. "కానీ ఆంటీ, డబ్బు తీసుకున్నాక కూడా చాలామంది వెళ్ళరు. కూచుని ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. నేను వింటూ ఉంటాను. మా ఆఫీసు లెక్కల్లో దానికి కాలం లేదు" అని నవ్వింది.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను అని రాయబోతే, లోపల్నుంచి ఇంకో మాటుందంటున్నారు. మా అమ్మమ్మ పేరు సీతారావమ్మ.